తెల్లగా మిగిలిన చుక్క

గంగబాబు అబద్ధం చెబుతున్నాడు. స్టేషన్‌లో అతని ఎదురుగా కూర్చున్న కాసేపటికే ఆ సంగతి భవానీదేవికి తెలిసిపోయింది. తెలియనిదల్లా అతను చెప్పినవాటిలో ఏది అబద్ధమో. చెరువులో మందు కలపలేదంటున్నాడు. మనిషిని చంపలేదంటున్నాడు. ఆ తెల్లవారుజామున ఇల్లు కదల్లేదంటున్నాడు. మూడూ ఒకే గొంతుతో, ఒకే తడబాటుతో చెబుతుంటే దేన్ని పట్టుకుని లాగాలో ఆవిడకు పాలుపోలేదు.

భవానీదేవి రాజమహేంద్రవరంలో పోలీసుల క్లూస్ టీమ్‌లో చాలా ఏళ్ళు పనిచేసి, పైవాళ్ళతో పడక ఉద్యోగం వదిలేసి, అమలాపురంలో ఒక టైలర్ షాపు మీది వాటాలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. ఏదడిగినా ముందు "తెలీదు" అంటుంది. డిటెక్టివ్ అన్నావిడ పొద్దస్తమానం తెలీదంటూ కూర్చుంటే బేరాలెలా వస్తాయని కింద టైలర్‌కు ఒకటే దిగులు. ఈ కేసులో మాత్రం ఆ మాట అలవాటు కొద్దీ రావడం లేదు. నిజంగానే ఆవిడ బుర్ర తిరిగిపోతోంది.

జరిగింది చెప్పాలంటే నాలుగు ముక్కలే. నిన్న తెల్లవారేసరికి అల్లవరం దగ్గర రమణమ్మ గారి రొయ్యల చెరువు మొత్తం చచ్చిపోయింది. ఒడ్డు పొడుగునా రొయ్యలు కుప్పలు పడి ఉన్నాయి. గట్టు మీద షెడ్డులో కాపలా మనిషి నాగసతీష్ మంచం మీదే ప్రాణం విడిచి ఉన్నాడు. నోట నురగ, కంటిపాపలు ఆవగింజంత. చూసిన డాక్టరు పురుగుమందులా ఉందన్నాడు గానీ, శవం లోపలినుంచి తీసినవి ల్యాబుకు వెళ్ళి రిపోర్టు రావాలంటే వారాలు పడుతుంది. అందాకా పోలీసులకు మిగిలిన ఆధారం చెరువు నీళ్ళే.

ఆ నీళ్ళు పరీక్ష చేసినవాడు డాక్టర్ నాగదుర్గాప్రసాద్. అల్లవరం సెంటర్లో ఆక్వా ల్యాబు నడుపుతాడు. రొయ్యల రోగాల మీద ఫోన్లో వీడియోలు పెడితే చుట్టుపక్కల మండలాల రైతులంతా చూస్తారు. ఆయన నీళ్ళలో పురుగుమందు ఉందని నోటిమాటగా చెప్పేశాడు. ఈ సాయంత్రం నాలుగింటికి సంతకం పెట్టిన రిపోర్టు ఇస్తానన్నాడు. పక్క చెరువు కౌలుకు చేసే గంగబాబుకూ రమణమ్మ గారికీ మురుగుకాలవ దగ్గర పాత గొడవ ఉంది. గంగబాబు ఇంట్లో సగం వాడిన పురుగుమందు డబ్బా దొరికింది. ఇంకేం, చెరువులో మందు పోశాడు, కాపలావాడు చూశాడు, వాడి నోట్లోనూ పోశాడు అని సీఐ సత్యదుర్గారావు కథ అల్లేసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, తొందరమనిషి. ఆ రిపోర్టు చేతికొస్తే హత్యానేరం కింద రిమాండ్‌కు పంపుతాననీ, రాకపోతే గంగబాబును స్టేషన్‌లో ఉంచడానికి తన దగ్గర ఏమీ లేదనీ భవానీదేవితో దాచకుండానే చెప్పాడు.

"కొబ్బరి చెట్లున్న ఇంట్లో ఆ డబ్బా ఉండటం వింతేమిటండీ" అని అడిగిందావిడ. నల్లి పట్టిన చెట్టుకు వేరు కోసి, మందు పోసిన చిన్న కవరు ఆ వేరుకు కట్టడం కోనసీమంతా చేసే పనే. సీఐ గారి అత్తవారింట్లోనూ వెతికితే దొరుకుతుంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ ఆ మాట రాసుకోలేదు.

ఇక గంగబాబు. రేవుల్లో పడవ నడిపిన కుటుంబంలోవాడు, చేతులు మొరటు, మాట మెత్తన. అతని కాళ్ళ గుర్తులు రమణమ్మ గారి గట్టు మీద ఉన్నాయి. ఇల్లు కదల్లేదన్న మాట ఇంక నిలవదు. ఆ సంగతి భవానీదేవి మెల్లగా చెప్పి ఊరుకుంది.

"చెక్‌ట్రే చూడ్డానికెళ్ళేనండి" అన్నాడు చివరికి.

భవానీదేవికి ఒక్క క్షణం నవ్వొచ్చింది, ఆ వెంటనే జాలేసింది. మేత పెట్టి నీళ్ళలోకి దింపే వల పళ్ళేన్ని చెక్‌ట్రే అంటారు. దాన్ని పైకెత్తి చూస్తే రొయ్య ఆరోగ్యం తెలిసిపోతుంది. ఎవరి చెరువులో ట్రే వాళ్ళు ఎత్తుకోవచ్చు. పక్కవాడిది దొంగతనంగా ఎత్తడం మాత్రం ఆ గట్ల మీద పరమ నీచం. పక్క చెరువులో రోగముంటే కాలవలోంచి తన చెరువులోకి వస్తుందన్న భయంతో అందరూ చేస్తారు, ఒక్కడూ ఒప్పుకోడు. హత్య నెత్తిన పడినా భరిస్తాను గానీ ట్రే ఎత్తినవాడినని ఊళ్ళో అనిపించుకోలేనన్నట్టు ఈ మనిషి ఒక రోజంతా లాకప్పులో నోరు మూసుకు కూర్చున్నాడు.

తర్వాత సంగతులన్నీ వరసగా వచ్చేశాయి. అతను వెళ్ళేసరికి ఇంకా చీకటి విడలేదు. కరెంటు లేదు. చెరువుకు గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయి ఉన్నాయి. రొయ్యలు ఒడ్డుకొచ్చి కొట్టుకుంటున్నాయి. పీతలు మాత్రం గట్టెక్కి తిరుగుతున్నాయి. నాగసతీష్ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంటే రెండుసార్లు పిలిచాడు. పలకలేదు. లేస్తే నువ్విక్కడికెందుకొచ్చావని అడుగుతాడని భయపడి ఇంటికి వచ్చేశాడు.

"అప్పుడు లేపుంటే బతికేవోడాండి?"

"తెలీదు" అంది భవానీదేవి. అతను ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమేనని ఆవిడకు అనిపించింది. కానీ అనిపించడం మీద ఒక మనిషిని వదిలిపెట్టరు, వదిలిపెట్టకూడదు కూడా. ఇరవైసార్లు ఏడ్చి ఇరవై ఒకటోసారి కత్తి ఎక్కడ దాచాడో చెప్పినవాళ్ళను ఆవిడ ఉద్యోగంలో చూసింది.

వెళ్ళబోతుంటే అతను తన భార్య లక్ష్మీదుర్గ గురించి అడిగాడు. కేసు ఒప్పజెప్పిందీ ఆ పిల్లే, నిన్న మధ్యాహ్నం నుంచీ భవానీదేవి ఇంట్లోనే ఉంది. తన వీధిలో జనం ఇంటి మీదకొస్తుంటే పారిపోయి వచ్చింది. మొగుణ్ణి వదిలేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని గోడకు చేరగిలబడి కూర్చుంది. తిట్టినా, బతిమాలినా పెదవి తడపలేదు. ఆ సంగతి గంగబాబుకు చెప్పాలనిపించక, బాగానే ఉందని చెప్పి భవానీదేవి బయటపడింది.

రమణమ్మ గారి చెరువు గట్టు ఎక్కగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. ఒడ్డంతా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది. చచ్చిన రొయ్యల్ని అప్పటికే తీసి పూడ్చిపెట్టేశారు.

రమణమ్మ గారు అరవై దాటిన మనిషి. భర్త పోయాక కొబ్బరితోటా, వరిచేలూ, ఈ చెరువూ ఒంటిచేత్తో నడిపిస్తోంది. చెరువంతా పోగొట్టుకున్నా ఎవర్నీ ఒక్క మాట అనలేదు. భవానీదేవికి కొబ్బరిబొండాం కొట్టించి ఇచ్చి, ఎండన పడి వచ్చావమ్మా, తాగు అంది. గంగబాబు ఇంత పని చేశాడంటే తనకూ నమ్మబుద్ధి కావడం లేదంది. అంత నెమ్మదైన మనిషిని ఎదురుగా పెట్టుకుని ప్రశ్నలు వేయడం భవానీదేవికి కాస్త ఇబ్బందిగానే ఉంది.

"బ్లీచింగ్ ఎప్పుడు వేయించేరండీ?"

"తెల్లారగానే వేయించేనమ్మా. ఏం రోగమో ఏంటో అనుకున్నాం. చుట్టూరా చెరువులున్నాయి కదా, ఆళ్ళందరి ఉసురు నాకెందుకూ."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. చెరువు చస్తే వెంటనే బ్లీచింగ్ చల్లడం అక్కడి రైతుల మర్యాద. పక్కవాళ్ళ రొయ్యల్ని కాపాడటానికి మనకు మిగిలినదాన్ని కూడా చంపుకోవడం. కానీ పోలీసులు వచ్చి సీసాలో నీళ్ళు పట్టింది అది చల్లిన తర్వాతే. భవానీదేవి ఆ వరస రెండుసార్లు అడిగి గట్టి చేసుకుంది. ముందు బ్లీచింగ్, తర్వాత పోలీసులు, ఆ తర్వాత సీసా.

షెడ్డు చూద్దామని వెళ్ళి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. నేల కడిగేసి ఉంది. మంచం నవారు విప్పి ఉతికి ఆరేసి ఉంది. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. తాగే నీళ్ళు పెట్టుకునే చోట తడి తప్ప ఏమీ లేదు. ఇవన్నీ ఎవరు చేయించారంటే, శవాన్ని తీసుకెళ్ళగానే తానే చేయించానని రమణమ్మ గారు చెప్పింది. మనిషి పోయిన చోట నిలవ నీళ్ళు ఉంచకూడదు కదా, మైల అంది. భవానీదేవి అమ్మమ్మ పోయినప్పుడు ఇంట్లో బిందెలన్నీ వాకిట్లో గుమ్మరించడం ఆవిడకూ గుర్తుంది. పోలీసులు సైతం తలూపి పక్కకు జరిగి ఉంటారు. ఫొటోలు తీసుకున్నారట, అంతే. ఎవరూ కావాలని చెరపలేదు, ఉన్న ఆధారమంతా ఆచారంగా తుడిచిపెట్టుకుపోయింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆవిడ తన మీదే విసుక్కుంది.

మిగిలినవి రెండు. ఒకటి, చెరువు అంచున నీళ్ళు తగలని మెట్ట మీద బతికున్న పీతలు. రొయ్యను చంపే పురుగుమందు పీతనూ చంపాలి, రెండూ ఒకే కోవ. కానీ ఈ పీతలు ఇవాళ కాలవలోంచి కొత్తగా ఎక్కినవి కావని ఎవరు చెప్పగలరు? గంగబాబు చూశానన్నాడు. గంగబాబు మాట సాక్ష్యమెలా అవుతుంది? ఇంక రెండోది జనరేటర్. ఆవిడ అడగ్గానే రమణమ్మ గారి పనివాడు తాళం తిప్పాడు, మొదటిసారికే మోగింది. ట్యాంకు నిండా డీజిలు. కరెంటు అర్ధరాత్రి దాటాక పోయి తెల్లవారాక గానీ రాలేదని లైన్‌మన్ ఫోన్లో చెప్పాడు.

బాగున్న జనరేటర్ని కాపలావాడు ఎందుకు వేయలేదు?

భవానీదేవి గట్టు మీద నిలబడి చాలాసేపు ఆలోచించింది. అందరూ చెరువు చచ్చింది, ఆ తర్వాత మనిషి చచ్చాడు అనుకుంటున్నారు. తిరగేసి చూస్తే? మనిషే ముందు పోయాడు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ వేసే చెయ్యి లేదు. గాలందక చెరువు చచ్చింది. అప్పుడు చెరువులో మందుతో పనే లేదు. ఆ వెంటనే అనుమానమూ మొదలైంది. ఇంత చక్కగా అతుక్కునే కథ అల్లుకున్నది సీఐ గారొక్కరే కాదన్నమాట. పైగా అలాగైతే ఉప్పునీటి చెరువు గట్టు మీద పడుకున్న మనిషి కడుపులోకి మందు ఎలా వెళ్ళింది?

వెళ్తుంటే రమణమ్మ గారు వెంట నడుస్తూ, లక్ష్మీదుర్గ ఇంటి దగ్గర లేదట, పాపం ఎక్కడుందమ్మా అని అడిగింది. మా ఇంట్లోనే ఉందండీ, పస్తు పడుకుంది అని భవానీదేవి చెప్పింది. అయ్యో పిచ్చిపిల్ల, అని రమణమ్మ గారు నొచ్చుకుంది.

ల్యాబులో ప్రసాద్ ఆవిణ్ణి గంటసేపు బయట బల్ల మీద కూర్చోబెట్టాడు. వాళ్ళిద్దరికీ పాత లెక్కలున్నాయి. రెండేళ్ళ క్రితం ఒక చేపల చెరువు కేసులో ఆవిడ ఆధారం కావాలి, ఆధారం కావాలి అని నానుస్తుంటే ఆయన చూసీచూడగానే ఒక మాట చెప్పాడు, ఆ మాటే నిజమైంది. అప్పటినుంచీ ఎక్కడ కనబడినా "ఇంకా తెలీదాండీ మేడం" అని పలకరిస్తాడు. ఇవాళా అలాగే పలకరించాడు.

"ఇవాళ కొంచెం తెలుసండి" అందావిడ. జనరేటర్ సంగతీ, పీతల సంగతీ చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి మొత్తం విన్నాడు.

"బాగుందండీ. కానీ ఇదంతా ఊహ. నా దగ్గర ఉన్నది పరీక్ష." సొరుగులోంచి ఒక చిన్న కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. వేలి గోరంత చుక్క, తెల్లగా ఉంది. పరీక్ష చాలా తేలిక. చుక్క మీద నీళ్ళు వేసి పది నిమిషాలు ఆగాలి. మంచినీళ్ళయితే చుక్క నీలంగా మారుతుంది. పురుగుమందు ఉంటే రంగు రాదు. చెరువు నీళ్ళు వేసిన కార్డు ఇది, రంగు రాలేదు.

భవానీదేవి ఆ చుక్కనే చూస్తూ కూర్చుంది.

"మందుంటే తెల్లగా ఉంటుందని మీకు తెలుసు. తెల్లగా ఉంది కాబట్టి మందే ఉందని ఎవరు చెప్పేరండీ?"

ప్రసాద్ నవ్వబోయి ఆగాడు. చదువుకున్నవాడు, మాట ఎక్కడ తగిలిందో ఆయనకు వెంటనే తెలిసింది. రంగు రావడానికి కార్డు మీద ఒక సున్నితమైన పదార్థం పూసి ఉంటుంది. పురుగుమందు దాన్ని పనిచేయనివ్వదు. దాన్ని చెడగొట్టేవి వేరే ఉంటే అప్పుడూ రంగు రాదు.

"మీ సీసాలో నీళ్ళు ఇంకా మిగిలున్నాయా? బ్లీచింగ్ ఉందో లేదో చూడండి."

ఆక్వా ల్యాబులో దాన్ని పట్టే రసాయనం ఎప్పుడూ ఉంటుంది. ప్రసాద్ మిగిలిన చెరువు నీళ్ళలో నాలుగు చుక్కలు వేశాడు. నీళ్ళు నిమ్మకాయ రంగుకు, అక్కడినుంచి ముదురు పసుపుకు తిరిగాయి. బ్లీచింగ్ ఉన్నట్టే.

అయినా ప్రసాద్ వెంటనే లొంగలేదు. బ్లీచింగ్ ఉన్నంత మాత్రాన సరిపోదు, అది కార్డును చెడగొడుతుందని కళ్ళతో చూస్తేగానీ సంతకం ఆపనన్నాడు. చూపిద్దాం, నీళ్ళు తీసుకోండి అందావిడ. ఆయన తన డిస్టిల్డ్ వాటర్ సీసా అందుకున్నాడు.

"మీ నీళ్ళొద్దండి. తర్వాత మీ సీసాలో ఏదో ఉందంటే నేనెక్కడికి పోను?"

ఆవిడకు గొంతెండిపోయి ఉంది. పొద్దున్న స్టేషన్ ఎదురుగా హోటల్లో కాఫీ, గట్టు మీద బొండాం తప్ప ఇంకేం తాగలేదు. తాగుదామని సంచీలోంచి తీసిన నీళ్ళ సీసా మూత అప్పటికే తిప్పి చేతిలో పట్టుకుని ఉంది. దాన్నే ఆయన ముందు పెట్టింది. పొద్దున్న ఇంటికొచ్చిన కొత్త మంచినీళ్ళ టిన్నులోంచి పట్టుకున్న నీళ్ళు, ఇవైతే ఇద్దరికీ పేచీ ఉండదు అంది. ఒక గ్లాసులో ఆ నీళ్ళు పోసి చిటికెడు బ్లీచింగ్ కలిపి కార్డు మీద వేశారు. పది నిమిషాలు ఆగారు. చుక్క తెల్లగానే ఉండిపోయింది.

భవానీదేవికి ఒక్కసారిగా ఊపిరి అందినట్టయింది. ఎన్నాళ్ళకో ప్రసాద్ మీద గెలిచినందుకు చిన్నపిల్లలా సంతోషం కూడా కలిగింది, అందుకు సిగ్గుపడలేదు. అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. రిపోర్టు ఆగిపోయింది, నీ మొగుడు బయటపడ్డట్టే, ఇంక ఆ పంతం మానేసి లేచి మంచినీళ్ళు తాగు అని లక్ష్మీదుర్గకు చెప్పింది. అవతల ఆ పిల్ల ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

"ఆయ్, అలాగేనండి. స్నానం చేసి, అమ్మోరికి దణ్ణం పెట్టుకుని తాగుతానండి."

ఫోన్ పెట్టేసి చూస్తే ప్రసాద్ ఇంకో కార్డు ముందేసుకుని కూర్చున్నాడు. ఓడిపోయినవాడి ముఖం కాదది. ఎక్కడో లెక్క తప్పిందని చూసుకుంటున్నవాడి ముఖం.

"తొందరపడ్డారండీ మేడం. బ్లీచింగ్ కలిపిన నీళ్ళు చూసేం. కలపని నీళ్ళు చూడలేదు కదా. అది నీలంగా మారితేనే గదండీ, చెడగొట్టింది బ్లీచింగే అని తేలేది."

ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. అంతకంటే ఎక్కువగా చిన్నతనమనిపించింది. ఈ మాట తను అనాల్సింది. కానివ్వండి అంది. ప్రసాద్ ఆవిడ సీసాలోంచే ఒట్టి నీళ్ళు తీసి చుక్క మీద వేశాడు. మొదటి అయిదు నిమిషాలు ఆవిడ కిటికీలోంచి చూస్తూ నిలబడింది. తర్వాత వచ్చి బల్ల మీదికి వంగింది.

చుక్క మారలేదు.

కార్డులు చెడిపోయినవి తెచ్చారు, పెట్టె పెట్టెంతా పారేయండి అందావిడ. కావచ్చు అని ప్రసాద్ ఒప్పుకున్నాడు. అదే పెట్టెలోంచి ఇంకో రెండు కార్డులు తీశాడు. ఒకదాని మీద తన డిస్టిల్డ్ వాటర్, రెండోదాని మీద మళ్ళీ ఆవిడ నీళ్ళు. ఈసారి ఇద్దరూ కళ్ళార్పకుండా చూశారు. మొదటి కార్డు మీద అంచునుంచి నీలం మొదలై చుక్కంతా నిండింది. రెండోది అలాగే ఉంది.

"టిన్ను నీళ్ళలో వాళ్ళు క్లోరిన్ కలుపుతారేమో" అంది. ఆ మాట ఆవిడకే నమ్మకంగా వినబడలేదు. ప్రసాద్ ఆవిడ నీళ్ళలో బ్లీచింగ్ పట్టే రసాయనం నాలుగు చుక్కలు వేశాడు. పసుపు రాలేదు. ఇంకో నాలుగు వేశాడు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

భవానీదేవికి కాసేపు అంతా గజిబిజి అయిపోయింది. ఈ నీళ్ళే చెడ్డవైతే ఇందాకటి పరీక్ష లెక్కలోకి రాదు, బ్లీచింగ్ సంగతి తేలనట్టే. చెరువులో మందుందో లేదో తెలీదు. అంటే పొద్దున్న ఎక్కడుందో మళ్ళీ అక్కడికే వచ్చింది. మరి ఈ సీసాలో ఉన్నదేమిటి? చెరువుకూ తన వంటింటికీ సంబంధమేమిటి?

"మేడం" అన్నాడు ప్రసాద్. గొంతులో వెటకారం లేదు. "ఈ నీళ్ళు మీరు తాగేరా?"

"లేదు."

"ఇంట్లో ఎవరైనా?"

అప్పుడు కదిలింది ఆవిడ బుర్ర. గంగబాబు నిన్నటినుంచీ లాకప్పులో ఉన్నాడు. ఈ టిన్ను ఇవాళ పొద్దున్న వచ్చింది. తను కేసు తీసుకుందని తెలిసిన ఎవరో పంపారు. ఆ షెడ్డులో నాగసతీష్ తాగింది చెరువు నీళ్ళు కావు, తాగే నీళ్ళే. ఆ నీళ్ళను మైల పేరు చెప్పి గుమ్మరించేశారు. ఇందులో ఎంత నిజమో, ఎంత ఊహో విడదీసి చూసుకునే తీరిక ఆవిడకు లేదు. గంగబాబు నిర్దోషి అని చెప్పగలిగిన ఒకే ఒక సాక్ష్యం ఈ సీసాలో ఉంది. మిగతాది అమలాపురంలో తన ఇంట్లో, తనే తాగమని చెప్పిన పిల్ల పక్కన ఉంది. ఇక్కడినుంచి ఎంత తోలినా అరగంట.

ఆవిడ ఇంటి నంబరు నొక్కింది. ప్రసాద్ బైకు తాళాలు తీసుకుని అప్పటికే గుమ్మంలో నిలబడ్డాడు. రెండో చేతిలో ఆసుపత్రికి ఫోన్ కలుపుతున్నాడు. ఇంటి ఫోన్ చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు.

"లక్ష్మీదుర్గా, ఆ నీళ్ళు ముట్టుకోకు."

అవతల పలికింది లక్ష్మీదుర్గ కాదు. నెమ్మదైన గొంతు, పెద్దావిడది. ఆ గొంతు వినడం ఇవాళ అది రెండోసారి.

"నేనమ్మా, రమణమ్మను. పిల్ల పస్తు పడుకుందన్నావు కదా, మనసొప్పక చూసిపోదామని వచ్చేను. ఇప్పుడే గ్లాసు అందించేను." కాస్త ఆగి, అదే మెత్తదనంతో అంది. "నువ్వే తాగమన్నావంట కదమ్మా."

ఏదో అనబోయింది భవానీదేవి. ఆలోగా ఫోన్లో స్టీలు గ్లాసు గచ్చు మీద పడి దొర్లిన చప్పుడు వినిపించింది. తాగక ముందు పడిందో, తాగేశాక పడిందో ఆవిడకు తెలీదు.